కోటయ్య లారీకి చేసిన పెట్టె

మద్రాసు నుంచి రిజిస్టరు కవరు వచ్చేసరికి సైదులు మాచర్ల బస్సు కింద వెల్లకిలా పడుకుని మరలు బిగిస్తున్నాడు. అతనికి ముందు కనిపించినవి రెండు ఖాకీ కాళ్ళు. చేతిలో స్పానరు జారి ఛాతీ మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. అవి పోలీసు కాళ్ళు కావనీ, పోస్టుమానువనీ గొంతు విన్నాక గానీ అతని ఊపిరి కదల్లేదు.

“సైదులూ, బయటికి రావయ్యా. మద్రాసు రిజిస్టరు. సంతకం కావాలి.”

సంతకం పెట్టి కవరు చించాడు. నాలుగు ఇంగ్లీషు కాగితాలు, వాటి వెనక ఒక బొమ్మ. అక్షరం ముక్క అర్థం కాకపోయినా బొమ్మ అర్థమైంది. అది అతని పెట్టె. తన చేత్తో రేకు కత్తిరించి, మాట్లు వేసి, బస్సులకు బిగించే పెట్టెను ఎవరో గీతలు గీసి, అంకెలు వేసి పంపారు. సైదులు బస్సు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

సైదులుది నరసరావుపేటలో దూదేకుల కుటుంబం. తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. కొడుక్కి చిన్నప్పటి నుంచీ రేకు పని మీద మనసు. లాంతర్లు, డబ్బాలు, తర్వాత మోటారు బండ్ల రేడియేటర్లు. యుద్ధం వచ్చి పెట్రోలు కూపన్ల పాలయ్యాక బస్సులకూ లారీలకూ వెనక ఇనప డ్రమ్ములు తగిలించి, వాటిలో బొగ్గు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజన్లు నడపడం మొదలుపెట్టారు. గ్యాసుతో పాటు మసీ బూడిదా ఇంజన్లోకి పోయి వారం తిరక్కుండానే బండి మూలన పడేది. దానికి మందు సైదులు కనిపెట్టాడు. ఒక రేకు పెట్టె. వంచిన గొట్టంలోంచి గ్యాసు వచ్చి ముందు నీళ్ళలో మునుగుతుంది. పైకి లేచి, చిల్లుల రేకు మీద పరిచిన తాటి పీచులోంచి వడకట్టుకుని ఇంజన్లోకి పోతుంది. ఆ పీచును అతను తండ్రి దూది ఏకిన వింటితోనే విడదీసేవాడు. మసంతా బురదై కిందికి దిగుతుంది. పెట్టె అడుగున తలుపు తీస్తే చాలు, గొట్టాలు విప్పకుండానే బురద జారిపోతుంది. ఆ పెట్టె తగిలించాక బస్సులు నెలల తరబడి నడిచాయి. పల్నాడంతా ‘రేకుల సైదులు పెట్టె’ అని పేరొచ్చింది.

ఆ సాయంత్రమే కాగితాలు చొక్కా లోపల దాచుకుని ప్లీడరు గోపాలకృష్ణయ్య గారింటికి వెళ్ళాడు. గోపాలకృష్ణయ్య మునసబు కోర్టులో పొలం గట్ల తగాదాలు వాదించే మనిషి. కాగితాలు ఒకటికి రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“ఇది పేటెంటు నోటీసు, సైదులూ.”

“అంటే ఏందయ్యా? జైలా?”

“జైలు కాదు. ముందు కూర్చో, ఆ వణుకుడేంది? గ్యాసు శుభ్రం చేసే పెట్టె మేం కనిపెట్టామని మద్రాసులో ఒక కంపెనీ కలకత్తా ఆఫీసులో పట్టా పుచ్చుకుంది. పదహారేళ్ళ దాకా వాళ్ళు తప్ప ఇంకెవరూ అది చెయ్యకూడదు. నువ్వు అదే చేసి అమ్ముతున్నావంటున్నారు. నెల లోపల ఆపేసి, చేసినవన్నీ ఊడదీసి అప్పగించకపోతే గుంటూరు జిల్లా కోర్టులో దావా వేస్తారు.”

“నేను వాళ్ళను చూడనన్నా చూళ్ళేదు గదయ్యా. ఎట్టా కాపీ కొడతా?”

“చూశావా లేదా అని అడగరు. ఇక్కడ చూడు.” ఆయన మూడో కాగితం మీద వేలు పెట్టాడు. “దీన్ని క్లెయిము అంటారు. పొలానికి హద్దులు రాసినట్టు తమ పెట్టెకి మాటలతో హద్దులు రాసుకుంటారు. ఇందులో చెప్పినవన్నీ నీ పెట్టెలో ఉంటే నువ్వు వాళ్ళ చేలో దిగినట్టు. ఒక్కటి లేకపోయినా గట్టు అవతల ఉన్నట్టు. నేను ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్తా. ఉంటే ఉందను, లేకపోతే లేదను. మూతి నీటి మట్టానికి కింద ఉండేట్టు వంచిన గొట్టం.”

“ఉంది.”

“దాని పైన, చిల్లులున్న పలక మీద పరిచిన పీచు పొర.”

“ఉందయ్యా.”

“పెట్టె అడుగున కీలు మీద తిరిగే తలుపు. చూశావా, పక్కన అని రాయలేదు, అడుగున అని రాశారు. నీది పక్కన ఉంటే బతికిపోతావు.”

“అడుగునే. బురద అడుక్కే గదా దిగేది.”

“గొట్టాలు విప్పకుండా బురద తీసే వీలు.”

సైదులు తల మాత్రం ఊపాడు. ఒక్కొక్క ‘ఉంది’ అన్నప్పుడల్లా ఒక్కొక్క మెట్టు బావిలోకి దిగినట్టుంది అతనికి.

గోపాలకృష్ణయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. “ఇంకొక్కటుంది. వాళ్ళు కలకత్తాలో దరఖాస్తు పెట్టింది నలభై మూడు జనవరి పదకొండున. ఆ తేదీకి ముందే ఇట్టాంటి పెట్టె నలుగురి కళ్ళ ముందూ తిరిగి ఉంటే, కనిపెట్టింది వాళ్ళు కానే కాదు. ఆ పట్టా చెల్లదు. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. నీ మొదటి పెట్టె ఎప్పుడు చేశావు?”

సైదులుకు గుర్తు తెచ్చుకోవాల్సిన పని లేదు. ఆ పెట్టెను మర్చిపోయిన రోజంటూ అతనికి లేదు. నలభై రెండులో, దసరా వెళ్ళిన వారానికి చేశాడు. గురజాల పక్క ఊరి పెదకోటయ్య నాపరాళ్ళు తోలే లారీకి బిగించాడు. నెల తిరిగేలోగా, కార్తీకంలో ఒక మధ్యాహ్నం, ఆ లారీ గురజాల వైపు నుంచి పిడుగురాళ్ళ వస్తూ తూము గోడను గుద్దుకుని కిందికి దొర్లింది. కోటయ్య అక్కడికక్కడే పోయాడు. పెట్టె డ్రైవరు సీటు కింద ఉండేది. దాని తలుపు సందులోంచి బొగ్గు గ్యాసు కారి మనిషికి మత్తు కమ్మిందేమోనన్న అనుమానం ఆ వార్త విన్న రోజునే సైదులు గుండెలో పడింది. ఎవరికీ చెప్పలేదు. పలకరింపుకు కూడా పోలేదు. ఖాకీ గుడ్డ కనబడితే ఉలిక్కిపడటం అప్పటి నుంచే.

“ఎండాకాలమయ్యా,” అన్నాడు నేల చూస్తూ. “నలభై మూడు ఎండాకాలం. అంతకు ముందు చెయ్యలేదు.”

“అయితే మనకు దారి లేదు, సైదులూ,” అన్నాడు గోపాలకృష్ణయ్య.

*

మర్నాడు పొద్దున్నే సైదులు షెడ్డులో ఉన్న మూడు కొత్త పెట్టెలూ ముందేసుకుని కూర్చున్నాడు. కత్తెరతో అడుగు రేకులు కోసేసి, తలుపులు పక్కకు మార్చడం మొదలుపెట్టాడు. పక్కన తలుపు పెడితే బురద సగం లోపలే ఉండిపోతుందని అతనికి తెలుసు. అయినా కోస్తున్నాడు. చేయి జారి బొటనవేలు తెగింది. రక్తం రేకు మీద పడుతున్నా ఆగలేదు.

భార్య జైనాబ్ బీ గంజి తెచ్చి, ఆ రక్తం చూసి గిన్నె కింద పెట్టేసింది. “ఏంది నువ్వు చేసే పని? బంగారం లాంటి పెట్టెలు. పిచ్చి గానీ పట్టిందా?”

“అడుగు తలుపు ఉండకూడదంట. పక్కకు మారుస్తున్నా.”

“ఈ మూడూ మారుస్తావు. బండ్ల మీద తిరిగేవి ఇరవై పైన ఉన్నాయి గదా, వాటినేం చేస్తావు?”

ఆమె కొంగు చించి వేలికి కట్టు కడుతుంటే అతని చేయి ఎంత చల్లగా ఉందో ఆమెకు తెలిసింది.

“ఏమయ్యా, ఇది కంపెనీ భయం కాదు. నాకు తెలీదా? గురజాల మాటెత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతావు. రెండేళ్ళ నుంచి చూస్తున్నా. ఏముంది గురజాలలో?”

అప్పుడు చెప్పాడు. కోటయ్య సంగతి, సీటు కింద పెట్టె సంగతి. చావు కబురు తెలిసిన మూడో రోజున ఇదే షెడ్డులో అలాంటి పెట్టె ఒకటి చేసి, బొగ్గు రాజేసి, తలుపులు వేసుకుని కూర్చున్న సంగతి. గంట గడవక ముందే తల తిరిగి, గోడ పట్టుకుని బయటపడ్డాడు. అందుకే ఆ తర్వాత చేసిన ప్రతి పెట్టెకీ తలుపు చుట్టూ గ్యాసు కారకుండా ఉన్ని అట్ట పెట్టి, నాలుగు మరలతో బిగించి, పెట్టెను బండి వెనక్కి జరిపాడు. ఎందుకని ఎవరడిగినా చోటు కోసమని చెప్పాడు.

“ఆ మనిషి పోయింది నా వల్లే, జైనబీ. ఇప్పుడా పెట్టె సంగతి బయటపెడితే కంపెనీ వదిలేస్తదేమో గానీ పోలీసులు పట్టుకుపోతారు. పెట్టకపోతే కంపెనీ చంపుతది. ఎటు పోవాలో తెలవట్లా.”

ఆమెకూ భయం వేసింది. గంజి చల్లారిపోయింది.

“నాకూ తెలవదు ఎటు పోవాలో,” అంది చివరికి. “కానీ నువ్వు ఇట్టా రేకులు కోసుకుంటూ, వేళ్ళు కోసుకుంటూ ఎన్నాళ్ళు ఉంటావు? పోయి ఆ ప్లీడరుగారికి ఉన్నదున్నట్టు చెప్పు. మనకంటే చదువుకున్నోడు గదా.”

*

సైదులు చెప్పిందంతా విని గోపాలకృష్ణయ్య లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

“నిన్న నాతో అబద్ధమాడావు.”

“ఆడానయ్యా.”

“సరే, విను. అదే పెట్టె. వాళ్ళ తేదీకి వెనకైతే నిన్ను ముంచుద్ది, ముందైతే వాళ్ళను ముంచుద్ది. నీ పెట్టె వాళ్ళ దానికి ఎంత దగ్గరగా ఉంటే నీకు అంత మంచిది ఇప్పుడు. అయితే ఒక చిక్కుంది. ఆ నాలుగూ కోటయ్య పెట్టెలోనే ఉండాలి. మూడు అందులో ఉన్నాయి, నాలుగోది ఇంకో బండిలో ఉందంటే చెల్లదు. నోటి మాట కూడా చాలదు, పెట్టెను కంటికి చూపించాలి. అది ఎక్కడుందో తెలుసా?”

“లారీ వాళ్ళ దొడ్లోనే పడుందంట. బస్సు డ్రైవరు ఏసయ్య చెప్పాడు. చక్రాలు తీసేశారు గానీ మిగిలింది ముట్టుకోలేదంట.”

“అడుగు తలుపు కీలు మీదే పెట్టావా దానికి? మరలతో బిగించిన ఒట్టి మూత కాదు గదా?”

సైదులు ఎంత ఆలోచించినా అది మాత్రం గుర్తు రావడం లేదు. ఆ రోజుల్లో కీళ్ళు దొరికేవి కావు. మూత పెట్టాడో, కీలు పెట్టాడో.

“గుర్తు లేదయ్యా. అబద్ధం కాదు, నిజంగానే.”

గోపాలకృష్ణయ్య నిట్టూర్చాడు. “ఇంకో మాట. లారీ కేసు ప్రమాదమని రాసి మూసేశారు. నువ్వు నోరు విప్పితే మళ్ళీ తెరవరని నేను చెప్పలేను. హాని చెయ్యాలనే ఉద్దేశం లేదు కాబట్టి పెద్ద నేరం కాదని వాదిస్తా. అంతకు మించి భరోసా ఇవ్వలేను. నాకూ భయంగానే ఉంది. నీ ఇష్టం.”

రెండు రోజులు అన్నం సరిగా తినలేదు సైదులు. మూడో రోజున ఏసయ్య నడిపే గురజాల బస్సెక్కాడు.

ఏసయ్య అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. బస్సు వెనక ఉన్నది సైదులు పెట్టే. దారి పొడవునా అతను గాలి వాసన చూస్తూనే ఉన్నాడు. బొగ్గు గ్యాసుకు వాసన ఉండదని అతనికి తెలుసు. తెలిసినా ముక్కు ఊరుకోలేదు. పిడుగురాళ్ళ దాటాక ఏసయ్య బండి నెమ్మది చేశాడు.

“ఇదిగో, ఇక్కడే గదా కోటయ్య మామ పడిపోయింది. రోడ్డు చూడు, గీత గీసినట్టుంది. ఎదురు బండి లేదు, గొడ్డు లేదు. ఎట్టా పోయి గుద్దాడో ఎవరికీ తెలవదు. తాగున్నాడంటారు గానీ నేను నమ్మను.”

విరిగిన తూము గోడ కిటికీ పక్కనుంచి దాటింది. సైదులు కళ్ళు మూసుకున్నాడు. దిగిపోయి వెనక్కి నడుద్దామా అనిపించింది. బస్సు మాత్రం ఆపమనలేదు.

*

కోటయ్య భార్య వెంకాయమ్మ అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ఇంటి వెనక కంపలో లారీ ముక్కు కనబడుతోంది. దాని మీద సొర తీగ పాకింది.

“ఎవరయ్యా?”

“నరసరావుపేట నుంచి అక్కా. సైదుల్ని.”

చేట ఆగింది. “రేకుల సైదులువా?” ఆమె అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. “రెండేళ్ళు పట్టిందా, మా గడప దాకా రావడానికి?”

దారిలో ఎన్నో మాటలు కూర్చుకున్నాడు. ముందు కంపెనీ సంగతి చెప్పి, తర్వాత మెల్లగా పెట్టె అడగాలనుకున్నాడు. ఆ ముఖం చూశాక అవేవీ నోటికి రాలేదు.

“అక్కా, కోటయ్యన్న పోయింది నా పెట్టె వల్లేనేమోనని నా భయం. దాంట్లోంచి గ్యాసు కారి ఉంటది.”

వెంకాయమ్మ అరవలేదు. అరిస్తే బాగుండునని అతననుకున్నాడు.

“పోయే ముందు రెండు రోజులు తల పగిలిపోతుందన్నాడు,” అందామె. “వాంతి కూడా చేసుకున్నాడు. పైత్యమనుకుని నిమ్మకాయ నీళ్ళు ఇచ్చినా. ఆ రోజు ఎళ్ళొద్దన్నా. రాళ్ళు దించి, నరసరావుపేటలో నీ దగ్గరికి పోయొస్తానని బయల్దేరాడు.” ఆమె చేటలో జొన్నలు వేళ్ళతో కదిపింది. “పెట్టె సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“మూడో రోజుకి.”

“దినాలు కూడా కాకముందే. అంటే తెలుసు నీకు. తెలిసి రాలేదు.”

“భయమేసింది అక్కా.”

“నీకు భయమేసింది. నాకేమో, కల్లు తాగి బండి తోలాడని ఊరంతా అన్నారు. మా ఆయన తాగిన మనిషి కాదు. పెద్దకర్మకి వచ్చినోళ్ళు కూడా అట్టాగే గుసగుసలాడుకున్నారు. వినీ వినీ చచ్చినా.” ఆమె చేట పక్కన పెట్టేసింది. “ఇప్పుడు మాత్రం ఎందుకొచ్చావు? ఏదో అవసరం పడే గదా?”

“అవునక్కా.” అంతా చెప్పాడు. కంపెనీ, తేదీ, నాలుగు మాటలు, అన్నీ.

ఆమె లారీ వైపు చూసింది. “పెట్టె విప్పుకోండి. నేను అడ్డు రాను. కానీ పెట్టె చూడ్డానికొచ్చే కంపెనీ దొరల ముందు, మా ఊరి పెద్దల ముందు, మా ఆయన ఎట్టా పోయాడో నీ నోటితో చెప్పాలి. చెప్పనంటే ఆ లారీ మీద చెయ్యి వెయ్యనియ్యను.”

అలా చెబితే పోలీసులు వస్తారేమోనని ఆమెతో అనలేకపోయాడు. “చెప్తా అక్కా,” అన్నాడు. తిరుగు బస్సులో దారంతా అతని పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. జ్వరమేమోనని ఏసయ్య తన దుప్పటి కప్పాడు.

*

వచ్చి పెట్టె చూసుకోమని గోపాలకృష్ణయ్య రాసిన ఉత్తరానికి కంపెనీ తన ఇంజనీరును పంపింది. సన్నగా, తెల్ల ప్యాంటూ టోపీతో ఉన్న మనిషి. చేతిలో పేటెంటు నకలు. పైకి మర్యాదగానే ఉన్నాడు గానీ, ఇంత దూరం రప్పించారన్న విసుగు ముఖంలో దాగలేదు.

వెంకాయమ్మ దొడ్లో ఊరి పెద్దలు నలుగురు, కరణంగారు, గోపాలకృష్ణయ్య నిలబడ్డారు. కరణం పోలీసు పంచనామా నకలు చదివాడు. ప్రమాదం జరిగింది నలభై రెండు నవంబరు ఇరవై. గ్యాసు డ్రమ్ము, సీటు కింద రేకు పెట్టె ఒకటి, బండితో సహా ఎద్దులతో లాగించి ఇంటికి చేర్చినట్టు ఉంది. ఆ రోజు నుంచి లారీలోంచి చక్రాలు తప్ప ఏమీ తీయలేదని పెద్దలు సాక్ష్యం చెప్పారు.

“సరే,” అన్నాడు ఇంజనీరు. “విప్పండి. నేను క్లెయిము చదువుతాను. ఒక్క మాట తప్పినా ఈ పెట్టె మీకు పనికి రాదు.”

సైదులు సీటు పలక ఎత్తాడు. పెట్టె తుప్పు పట్టి, మట్టి కొట్టుకుని ఉంది. పై మూత మరలు తిరగలేదు. ఉలితో కొట్టి విప్పాల్సి వచ్చింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా అతనికి తన వీపు మీద పడుతున్నట్టే ఉంది.

“వంచిన గొట్టం. మూతి నీటి మట్టానికి కింద.”

గొట్టం ఉంది. లోపలి రేకు మీద నీళ్ళు నిలిచిన గీత ఉంది. గొట్టం మూతి ఆ గీతకు నాలుగు వేళ్ళు కింద ఉంది. ఇంజనీరు స్కేలు పెట్టి కొలుచుకున్నాడు.

“చిల్లుల పలక మీద పీచు.”

నల్లటి ముద్ద. వేళ్ళతో విడదీస్తే పోగులు పోగులుగా వచ్చింది.

“అడుగున, కీలు మీద తిరిగే తలుపు.”

సైదులు పెట్టె కిందికి దూరి మట్టి గోకడం మొదలుపెట్టాడు. చెమట కళ్ళల్లో పడి ఏమీ కనబడలేదు. ఒక మూల గోకాడు, ఏమీ లేదు. రెండో మూల గోకాడు, లేదు. అయిపోయిందనుకున్నాడు. ఒట్టి మూతే పెట్టి ఉంటాడు. ఇంక ఇల్లూ పనీ పోయినట్టే. మూడో వైపు వేలికి గుండ్రంగా ఏదో తగిలింది. గోకాడు. పాత ట్రంకు పెట్టె నుంచి ఊడదీసి అతికిన ఇత్తడి కీలు.

“ఉందయ్యా!” అని కింద నుంచే అరిచాడు. ఆ అరుపు అతనికే వింతగా వినిపించింది.

గొళ్ళెం కొట్టగానే తలుపు కిర్రుమని కిందికి వాలింది. గొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎండిన మసి పెళ్ళలు అతని ఛాతీ మీద రాలాయి. ఇంజనీరు వంగి చూసి, పెన్సిలు తీసి నాలుగో మాట పక్కన గీత గీశాడు. గోపాలకృష్ణయ్య ఊపిరి వదలడం వినిపించింది.

సైదులు పైకి రాలేదు. అతని కళ్ళు తలుపు అంచు మీదే ఉన్నాయి. ఆ రోజుల్లో ఉన్ని అట్ట దొరక్క సందులో తారు పూసిన గోనె గుడ్డ పెట్టాడు. ఆ గోనె ఒక వైపు మామూలుగా ఉంది. రెండో వైపు, జానెడు పొడుగున, పొడిపొడిగా మాడిపోయి ఉంది. ఆ సందులోంచి వేలు దూరుతుంది.

అతను మెల్లగా బయటికి వచ్చాడు. వెంకాయమ్మ గుంజకు ఆనుకుని చూస్తోంది. కరణం కాగితాలు మడుస్తున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే అంతా అయిపోతుంది. ఎవరికీ తెలియదు.

“ఒక మాట చెప్పాలి,” అన్నాడు సైదులు. “కోటయ్యన్న తాగి పడలేదు. ఈ గోనె చూడండి. ఇందులోంచి గ్యాసు కారింది. ఆయనకు మత్తు కమ్మి బండి తప్పింది. ఆ సందు పెట్టింది నేను. రెండేళ్ళ నుంచి తెలిసి కూడా చెప్పలేదు.”

పెద్దల్లో ఒకాయన వెంకాయమ్మ వైపు చూసి తల దించుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఇంజనీరు మాత్రం మళ్ళీ పెట్టె దగ్గర కూర్చున్నాడు. “ఇది ప్రయాణంలో ఉండగా కారదు,” అన్నాడు తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు. “ఇంజను తిరుగుతుంటే గాలిని లోపలికే లాగుతుంది. బండి ఆపి, బొగ్గు ఆర్పకుండా ఉంచినప్పుడే బయటికి వస్తుంది. రాళ్ళు ఎక్కించేదాకా అతను సీట్లోనే పడుకునేవాడా?”

“రోజూ పడుకునేవాడు, ఎక్కించాక లేచి తోలుకుపోయేవాడు,” అన్నారు పెద్దలు.

ఇంజనీరు చేతిలో ఉన్న తన కంపెనీ బొమ్మ వైపు చూశాడు. సైదులు కూడా చూశాడు. అడుగు తలుపు, కీలు, గొళ్ళెం. తలుపు చుట్టూ గోనె లేదు, ఉన్ని లేదు, ఏమీ లేదు.

“అయ్యా, మీ పెట్టెలు ఎక్కడ బిగిస్తారు?”

ఇంజనీరు బొమ్మ మడిచేశాడు. అతని ముఖం పాలిపోయింది.

“సీటు కిందేనా?”

“చోటు అక్కడే ఉంటుంది,” అన్నాడు చాలా మెల్లగా. కాగితాలు సంచిలో పెట్టేసుకున్నాడు.

బయల్దేరే ముందు సైదులు గడప దగ్గర నిలబడి ‘అక్కా’ అని పిలిచాడు. వెంకాయమ్మ లోపలి నుంచే మాట్లాడింది.

“చెప్పావు, సంతోషం. కానీ రెండేళ్ళు దాక్కున్నావే, అది మాత్రం నేను మర్చిపోను. ఎళ్ళు.”

*

ఆ తర్వాత మూడు వారాలు సైదులు పోలీసుల కోసం ఎదురు చూశాడు. వాళ్ళు రాలేదు. వస్తారో రారో గోపాలకృష్ణయ్యకు కూడా తెలియదు. మద్రాసు నుంచి మాత్రం ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. నోటీసును ఉపసంహరించుకుంటున్నామనీ, సైదులు చేసే పెట్టెల మీద తమకు అభ్యంతరం లేదనీ.

“గెలిచావు,” అన్నాడు గోపాలకృష్ణయ్య. “మనం వాళ్ళ పట్టాను కొట్టెయ్యమని అడుగుతామేమోనని భయపడ్డారు.”

“తలుపు సంగతి ఏమన్నా రాశారా అయ్యా? ఉన్ని అట్ట పెడతామనో, వెనక్కి జరుపుతామనో?”

గోపాలకృష్ణయ్య కాగితం తిరగేసి చూశాడు. “లేదు.”

సైదులు ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని బస్టాండు మీదుగా ఇంటికి బయల్దేరాడు. మిట్టమధ్యాహ్నం. వినుకొండ వైపు నుంచి వచ్చిన కొత్త లారీ ఒకటి వేపచెట్టు నీడన ఆగి ఉంది. వెనక డ్రమ్ములో బొగ్గు కణకణలాడుతోంది. సీటు కింద మెరిసే కొత్త రేకు పెట్టె, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు. సీట్లో డ్రైవరు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. అద్దాలు రెండూ ఎత్తి ఉన్నాయి.

సైదులు తలుపు మీద అరచేత్తో కొట్టాడు. “ఓ అన్నా! లేవన్నా!”

మనిషి కదల్లేదు. సైదులు మళ్ళీ కొట్టాడు. పిడికిలితో కొట్టాడు. ఛాతీ లేస్తోందా లేదా అద్దంలోంచి తెలియడం లేదు. తలుపు పట్టి గుంజి తెరిచి, ఆ మనిషి రెండు భుజాలూ పట్టుకుని బయటికి లాగాడు. ఇద్దరూ కలిసి దుమ్ములో పడ్డారు.

డ్రైవరు దగ్గాడు. కళ్ళు తెరిచి, ఎర్రగా చూసి, “ఏందిరా నువ్వు, దొంగనాయాలా,” అని గొణిగి, తల పట్టుకుని పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

సైదులు అతని వీపు నిమురుతూ దుమ్ములోనే కూర్చున్నాడు. జనం మూగారు. ఏమైందని అడుగుతున్నారు. సైదులు చెప్పడం మొదలుపెట్టాడు.

“గురజాల దగ్గర పెదకోటయ్యని ఒక లారీ డ్రైవరుండేవాడు...”